ఆపరేషన్ అయిన ఆడకుక్కకి నిద్రలో మూత్రం కారుతోంది: తప్పు ఆపరేషన్‌దేనా?

రాయగడ_ల్యాబ్
ల్యాబ్రడార్ ఆడకుక్క, ఆరేళ్ళు, 28 కిలోలు. ఏడో నెలలో, ఎదకు రాకముందే పిల్లల ఆపరేషన్ అయింది. ఈమధ్య పడుకుని లేచిన చోటల్లా అరచేతి వెడల్పు తడి. మేలుకుని ఉన్నప్పుడు మామూలుగానే బయటికెళ్ళి పోస్తోంది. ఇంట్లో ఐదు నెలల ఇంకో ఆడ ల్యాబ్ కూన ఉంది. "ఆపరేషన్ వల్లే ఇలగయింది, దీనికి వద్దు" అని ఇంట్లో పెద్దవాళ్ళ పట్టు. పెద్దదానికి మందేటి? చిన్నదానికి ఆపరేషన్ చేయించాలా, వద్దా?

గుణుపురం_కెన్నెల్
పెద్దవాళ్ళు అన్నది నిజమే కదండీ. అండాశయాలు తీసేస్తే ఈస్ట్రోజెన్ పోతుంది, దాంతో మూత్రనాళాన్ని బిగించి ఉంచే కండరం సడలుతుంది. మెలకువలో ఎలాగో ఆపుకుంటుంది, ఒళ్ళు మరిచి నిద్రపోతే కారుతుంది. ఆపరేషన్ అయిన వెంటనే కాదు, సాధారణంగా రెండు మూడేళ్ళ తర్వాత మొదలవుతుంది కాబట్టి జనం రెంటినీ ముడిపెట్టరు. 20 కిలోలు దాటిన జాతులకి ఎక్కువ: డాబర్‌మన్, రాట్‌వీలర్, బాక్సర్. చిన్నదానికి వద్దు. గట్టి గేటు చాలు.

పర్లాకిమిడి_వీధికుక్కలు
గేటు చాలదన్నా. ఎద దాదాపు మూడు వారాలు, ఆ వాసనకి పేటలో మగకుక్కలన్నీ గోడ దగ్గరే కాపు. సరే, కూనలు పుట్టకుండా కాశారనుకుందాం, గర్భసంచిలో చీము మాట? స్వీడన్ కుక్కల బీమా లెక్కల్లో ఆపరేషన్ లేని ఆడకుక్కల్లో దాదాపు నాలుగో వంతుకి పదేళ్ళలోపే వచ్చింది. మూత్రం కారితే పక్కబట్ట మార్చుకుంటాం. చీము పడితే ప్రాణమే పోవచ్చు.

బరంపురం_పశువైద్యం
ఇద్దరూ ఆపరేషన్ గురించి కొట్టుకుంటున్నారు గాని, ఆ పెద్దకుక్కకి ఉన్నది కండరం సడలడమేనని ఇంకా ఎవరూ తేల్చలేదు. ఆపరేషన్ అయిన ఆడకుక్కల్లో నూటికి 5 నుంచి 20 దాకా ఇది వస్తుందని వేర్వేరు అధ్యయనాల లెక్క, కాబట్టి అనుమానం సబబే. కాని మాత్రకి ముందు మూడు పనులు.

ముందు నీళ్ళు కొలవండి. పొద్దున జగ్గుతో కొలిచి పోసి, 24 గంటల తర్వాత మిగిలింది తీసెయ్యండి. ఇంట్లో మిగతా జంతువులు ఆ గిన్నె ముట్టకూడదు. కిలోకి 100 మి.లీ. దాటితే, అంటే మీ కుక్కకి 2.8 లీటర్లు దాటితే, అతిదాహం. అప్పుడు వెతకాల్సింది షుగరు, కిడ్నీ, కుషింగ్ జబ్బు (ఒంట్లో కార్టిసాల్ హార్మోన్ అతిగా ఉండే జబ్బు). దురదకి ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ వాడుతుంటే అదొక్కటే చాలు నీళ్ళు విపరీతంగా తాగించడానికి. కారుతోందని నీళ్ళు మాత్రం తగ్గించకండి, రాయగడ ఎండల్లో అసలే వద్దు.

రెండోది, తెల్లారి మొదటి మూత్రం. ఏమీ పెట్టకముందు, శుభ్రంగా కడిగి ఆరబెట్టిన గరిటెని వెనకనుంచి పెట్టి, మొదటి ధార వదిలేసి పట్టండి. గంటలోపు ల్యాబ్‌కి చేరాలి, లేదంటే ఫ్రిజ్‌లో పెట్టండి. మనుషుల ల్యాబ్‌లో ముంచే స్ట్రిప్‌తో షుగరు, రక్తం, ప్రొటీన్ చూడొచ్చు. అదే స్ట్రిప్ మీద స్పెసిఫిక్ గ్రావిటీ (మూత్రం చిక్కదనం), తెల్లకణాల గడులు మాత్రం కుక్కల మూత్రానికి నమ్మకం లేదు. గ్రావిటీకి రిఫ్రాక్టోమీటర్ అనే కొలిచే పరికరం కావాలి. 1.030 పైన ఉంటే కిడ్నీ మూత్రాన్ని బాగానే చిక్కబరుస్తోంది. మళ్ళీ మళ్ళీ చూసినా 1.020 కంటే తక్కువే వస్తే అతిదాహం వైపు వెతకాలి.

మూడోది కల్చర్, అంటే మూత్రంలో క్రిములున్నాయేమో పెంచి చూసే పరీక్ష. దీనికి గరిటె నమూనా పనికిరాదు, డాక్టరు సూదితో మూత్రసంచి నుంచే తియ్యాలి. కారే కుక్కల్లో ఇన్ఫెక్షన్ వెనకాలే దూరుతుంది. అది నయం కానిదే ఏ మాత్రా సరిగా పనిచెయ్యదు.

గుణుపురం_కెన్నెల్
డాక్టరు గారూ, కల్చర్‌కి బరంపురమో, భువనేశ్వరమో, గరివిడి పశువైద్య కాలేజీయో అంటే అందరికీ అయ్యే పనా? మాత్ర వేసి చూద్దాం, తగ్గితే అదే జబ్బు.

బరంపురం_పశువైద్యం
తగ్గినంత మాత్రాన అదే జబ్బు అనలేం. మూత్రనాళాన్ని బిగించే మందు అతిదాహంవల్ల కారేదాన్ని కూడా కొంత ఆపుతుంది. వెనక కుషింగ్‌ జబ్బో కిడ్నీ జబ్బో ఉంటే రక్తపోటు ముందే ఎక్కువగా ఉండొచ్చు, ఈ మందు దాన్ని ఇంకా పెంచుతుంది. దూరం కుదరకపోతే కల్చర్ ఒక్కటీ వాయిదా వెయ్యండి, నీళ్ళ కొలతా గ్రావిటీ మానకండి. వాటికి రైలెక్కక్కర్లేదు.

లక్షణం కూడా దారి చూపుతుంది. మాటిమాటికీ కూర్చుని చుక్కచుక్కగా పోస్తే ఇన్ఫెక్షనో రాయో. కూనగా ఉన్నప్పటినుంచీ కారుతుంటే కిడ్నీ గొట్టం మూత్రసంచిలో కాక దిగువన కలిసి ఉండొచ్చు, దానికి సర్జరీయే. వెనక కాళ్ళు తూలుతుంటే వెన్ను చూడాలి. చుక్కలు ఎర్రగా ఉంటే యోనిలో గడ్డ ఉందేమో చూపించండి, వీధికుక్కల్లో కలయికతో అంటుకునే గడ్డ మామూలే.

జయపురం_మందులషాపు
మందుల సంగతి. మొదటిది ఫినైల్‌ప్రొపనోలమైన్, డాక్టరు గారన్న బిగించే మందు ఇదే, కిలోకి 1.5 మి.గ్రా., రోజుకి రెండుసార్లు. 28 కిలోలకి పూటకి 42 మి.గ్రా. కుక్కల మాత్రగానే తెప్పించుకోవాలి. మనుషుల జలుబు బిళ్ళలు దానికి బదులు కావు, వాటిలో పారాసిటమాల్, కెఫీన్ లాంటివి కలిసి ఉంటాయి. మెదడులో రక్తస్రావం భయంతో 2000లో అమెరికా మనుషుల మందుల్లోంచి దీన్ని తీయించింది, కాబట్టి కుక్కకైనా బీపీ చూపించే మొదలుపెట్టండి. తిండి మానేసి, కుదురు లేకుండా తిరుగుతుంటే డాక్టరుకి చెప్పి మోతాదు తగ్గించాలి. పిడుదులకి అమిట్రాజ్ మందు పూస్తున్న కుక్కకి ఇది ఇవ్వకూడదు, రెండూ కలిస్తే బీపీ ఒక్కసారిగా లేస్తుంది.

రెండోది ఎస్ట్రియాల్, ఈస్ట్రోజెన్ రకం మందు. అమెరికా లేబుల్ ప్రకారం బరువుతో పని లేకుండా రోజుకి 2 మి.గ్రా., కనీసం 14 రోజులు. తగ్గాక 1 మి.గ్రా., ఆపైన ఇంకా దించుకుంటూ పోవాలి. చీటీ మీద పేరు రెండుసార్లు చదవండి. ఎస్ట్రడయాల్ వేరే మందు, చాలా బలమైనది, కుక్కల్లో ఎముకమజ్జని దెబ్బతీస్తుంది. ఆపరేషన్ కాని కుక్కకి ఎస్ట్రియాల్ కూడా వద్దు, గర్భసంచిలో చీముకి దారి.

పల్లేరుకాయల కషాయం, బార్లీ నీళ్ళు పట్టమనేవాళ్ళకి ఒక మాట: మూత్రం జారీ చేసే మందు కారే కుక్కకి ఎందుకండీ?

పర్లాకిమిడి_వీధికుక్కలు
తడిసిన చర్మం మాట ఎవరూ ఎత్తలేదు. తొడల మధ్య బొచ్చు కత్తిరించి, నీళ్ళతో కడిగి, తుడిచి ఆరనివ్వండి. జింకు ఆక్సైడ్ క్రీము రాయకండి, నాకితే విషం. వానాకాలంలో తడి బొచ్చు మీద ఈగ వాలితే పురుగు పడుతుంది, రోజూ తోక ఎత్తి చూడాల్సిందే. లావుంటే బరువు తగ్గించండి, కారడం కొంత తగ్గుతుంది.

ఇక కూన. తొలి ఎదకు ముందే చేయించాలని నా వాదన. రొమ్ముగడ్డల భయం 0.5 శాతానికి దిగుతుంది, ఒక ఎద చూస్తే 8, రెండు చూస్తే 26.

బరంపురం_పశువైద్యం
ఆ అంకెలు 1969 నాటివి, పైగా అందరూ తప్పుగా చదువుతారు. నూటికి ఇన్ని కుక్కలకి గడ్డ వస్తుందని కాదు. ఆపరేషన్ లేని కుక్కకున్న ముప్పుని 100 అనుకుంటే, వీటికి మిగిలేది అంత. 2012లో బ్రిటన్‌లో పాత అధ్యయనాలన్నీ తిరగేసి, ఆధారం బలహీనమని తేల్చారు. కారడానికీ ఆపరేషన్ వయసుకీ లంకె కూడా అంత గట్టిది కాదు, కానీ పెరిగాక 25 కిలోలు దాటే జాతుల్లో ఆలస్యం మేలు చేస్తుందనే వైపు మొగ్గుంది. మీ కూన ల్యాబ్ కాబట్టి నేనైతే ఒక ఎద చూసి, అది ముగిసిన రెండు మూడు నెలలకి చేయిస్తాను. ఎదలో ఉండగా చేస్తే రక్తం ఎక్కువ పోతుంది. పది కిలోల నాటుకుక్క అయితే ఎదకోసం కాచుకోను.

గుణుపురం_కెన్నెల్
ఒక ఎద ఆగమన్నారు, అంతవరకూ నాకు సమ్మతమే. ఆ తర్వాత కూడా ఎందుకు అన్నది నా ప్రశ్న. అన్ని ఆడకుక్కలకీ చీము పట్టదు కదా.

పర్లాకిమిడి_వీధికుక్కలు
ఏ కుక్కకి పడుతుందో ముందే చెప్పగలిగితే మీ మాటే వింటాను. సరే, ఎద దాకా ఆగారు, ఈలోగా వీధికుక్కతో కలిసిపోతే?

బరంపురం_పశువైద్యం
"కడుపు నిలవకుండా" అని ఎస్ట్రడయాల్ ఇంజెక్షన్ పొడిపించకండి. జయపురం వారు చెప్పిన మజ్జ ప్రమాదం, చీము ప్రమాదం రెండూ అందులోనే ఉన్నాయి. కలిసిన తేదీ రాసిపెట్టుకోండి. ఎద వాపు దిగాక, కడుపు పెరగకముందే మామూలు పిల్లల ఆపరేషనే చేస్తారు, గర్భసంచితో సహా తీసేస్తారు. ఆలస్యమయ్యే కొద్దీ రక్తనాళాలు లావెక్కి కష్టమవుతుంది.