రెండు విషయాల్లో నచ్చని అభ్యర్థికి ఓటేయొచ్చా?

ప్రశ్న: మా అభ్యర్థి అవసరమైతే రాజీపడైనా పని జరిగేలా చూసే మనిషే. కానీ పన్నులు, భూసేకరణపై ఆయన వైఖరి మింగుడుపడట్లేదు. ఎలా తేల్చుకోవాలి?

జవాబు 1: ముందు ఆ రెండూ ఆ పదవి పరిధిలోకి వస్తాయా చూడండి. రాకపోతే వాటికి అంత బరువు ఇవ్వక్కర్లేదు. తర్వాత ప్రసంగాలు పక్కనపెట్టి, సభలో ఆయన దేనికి ఓటేశారో చదవండి. రాజీపడే ప్రతివాడూ ఆచరణవాది కాదండీ. తాను వదులుకున్నదానికి బదులు ఏం రాబట్టాడో బిల్లు సవరణల్లో కనబడాలి. కనబడకపోతే అది లొంగిపోవడమే.

జవాబు 2: ఓటింగ్ పద్ధతీ చూసుకోండి. ఆస్ట్రేలియాలోలా అభ్యర్థులకు ఇష్టక్రమంలో 1, 2, 3 అని అంకెలు వేసేచోట మనసుకు నచ్చినవారికి 1 ఇచ్చి, ఈయన్ని 2లో పెట్టొచ్చు. ఒక్కరికే ఓటేసేచోట ఆ వెసులుబాటు లేదు, గెలిచే అవకాశమూ లెక్కలోకొస్తుంది.

జవాబు 3: మద్దతిచ్చాం కదా అని నోరు కట్టేసుకోకండి. భూసేకరణలో ఏ నిబంధన ఎలా మారాలో రాసి, ఎన్నికకు ముందే ఆయన చేతికివ్వండి. గెలిచాక అడిగితే వినే తీరిక ఉండదు.