స్పోర్ట్స్ బండి కొనేముందు తేల్చుకోవాల్సింది మోడలా, డీలరా? వైజాగ్ వాళ్లు చెప్పండి

కూర్మన్నపాలెం_కుర్రాడు

అందరికీ నమస్తే. ఇన్నాళ్లూ నాన్న స్ప్లెండర్‌తోనే లాగించాను. ఇప్పుడు సొంత సంపాదనతో ఒక చిన్న స్పోర్ట్స్ బండి కొందామని. ఇల్లు కూర్మన్నపాలెం, ఆఫీసు రుషికొండ ఐటీ హిల్. అంటే రోజూ ఊరు ఈ చివర నుంచి ఆ చివరికి, సగం దారి లారీల మధ్య. బడ్జెట్ ఆన్ రోడ్ రెండున్నర లక్షల లోపు. మనసులో ఉన్నవి యమహా ఆర్15, సుజుకి జిక్సర్ ఎస్ఎఫ్ 250, కేటీఎం ఆర్‌సీ 200.

ఆఫీసులో ఇద్దరు సీనియర్లు చెరో మాట చెప్పి బుర్ర తినేస్తున్నారు. ఒకాయనేమో "ముందు ఏ డీలర్ సర్వీసు బాగుందో కనుక్కో, వాడు అమ్మే బండే కొను" అంటాడు. రెండో ఆయన "సర్వీసుకి వెళ్లేది ఏడాదికి మూడు సార్లు, బండెక్కేది రోజూ. నచ్చింది కొనుక్కో" అంటాడు. దీనికి తోడు ఒకే మోడల్‌కి రెండు షోరూమ్‌ల కొటేషన్లలో పదకొండు వేల తేడా ఉంది. తక్కువ చెప్పినవాడు ఊరికి అటు చివర, ఎక్కువ చెప్పినవాడు గాజువాక వైపు. మీరేమంటారు?

ఉప్పుగాలి

డీలరే. ఇందులో చర్చేముంది తమ్ముడూ?

నువ్వు చెప్పిన మూడూ మంచి బండ్లే. మూడింటికీ ఆరు గేర్లు, రెండు చక్రాలకీ ఏబీఎస్ (గట్టిగా బ్రేకేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసేది). ఏది కొన్నా మొదటి నెల గాల్లోనే తేలుతావు. తేడా తెలిసేది ఆ తర్వాత.

పైగా మనది సముద్రపు ఊరు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన బండి స్టాక్ యార్డులో ఎన్ని నెలలు నిలబడిందో, పైన రేకు ఉందో లేదో మనకెవరూ చెప్పరు. డెలివరీకి తీసిన ఒక 'కొత్త' బండి దగ్గర మోకాళ్ల మీద కూర్చుని చూశాను. పైన అద్దంలా మెరిసిపోతోంది. కింద సైలెన్సర్ బ్రాకెట్ బోల్టు తలలు ఎర్రబారి ఉన్నాయి, బ్రేక్ పెడల్ వెనక స్ప్రింగుకి తుప్పు పొడి అంటుకుని ఉంది. సేల్స్ కుర్రాడు అప్పటికే హ్యాండిల్‌కి రిబ్బన్ కట్టేశాడు. ఫెయిరింగ్, అంటే ఇంజన్ చుట్టూ ప్లాస్టిక్ తొడుగు, ఉన్న బండితో వచ్చే చిక్కే ఇది, లోపలి సంగతి ప్లాస్టిక్ దాచేస్తుంది.

అందుకే పూర్తి డబ్బు కట్టకముందే నీకు కేటాయించిన బండిని చూపించమను. ఛాసిస్ నంబరు రాసుకో. టైరు పక్కన నాలుగంకెలు అచ్చై ఉంటాయి, 2325 అంటే ఆ టైరు 2025లో 23వ వారం తయారైందని. ఫారం 21లో (డీలరిచ్చే అమ్మకపు సర్టిఫికెట్) బండి తయారైన నెల, సంవత్సరం ఉంటాయి, అదీ చూడు. ఇవన్నీ విసుక్కోకుండా చూపించేవాడే డీలరు. సంపత్ వినాయకుడి గుడి ముందు నిమ్మకాయలు తొక్కించాక వెనక్కి తీసుకోమంటే ఎవడూ తీసుకోడు.

ఆర్‌పీఎం_రాజా

ఉప్పుగాలి అన్నా, నువ్వు చెప్పింది డెలివరీ ముందు చూసుకునే జాగ్రత్త. అది ఏ డీలర్ దగ్గరైనా చేయాల్సిందే. కుర్రాడు అడిగింది అది కాదు.

"మూడూ మంచి బండ్లే" అని తేల్చేయడం అన్యాయం. ఆర్15 155 సీసీ, పవర్ 18.4 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలతే), అదీ ఇంజన్ 10,000 ఆర్‌పీఎం, అంటే నిమిషానికి అన్ని చుట్లు, తిరిగినప్పుడు. దాంట్లో వీవీఏ అని వాల్వులకి రెండో క్యామ్ పనిచేసే ఏర్పాటు ఉంటుంది, అది అందుకునేదే 7,400 దాటాక. అక్కడి నుంచి బండి పాట అందుకుంటుంది. టార్క్, అంటే బండిని లాగే బలం, ఎక్కువలో ఎక్కువ 14 న్యూటన్ మీటర్ల చిల్లరే. ఎన్‌ఏడీ దాటి మద్దిలపాలెం, హనుమంతవాక మీదుగా ఆఫీసు టైములో వెళ్లేవాడికి 7,400 ఎక్కడ దొరుకుతుంది? జిక్సర్ 250లో 26.5 పీఎస్, 22.2 న్యూటన్ మీటర్లు. నాలుగో గేరులో పడేసి సిగ్నళ్ల మధ్య ఈడ్చుకుపోవచ్చు. ఆర్‌సీ 200 అయితే 25 పీఎస్. కానీ ఒళ్లంతా ముందుకి వంచి కూర్చోబెడుతుంది.

బరువు చూస్తే లెక్క తిరగబడుతుంది. ఆర్15 సుమారు 142 కిలోలు, మిగతా రెండూ 160 దగ్గర. పార్కింగ్‌లో వెనక్కి తోసేటప్పుడు ఆ తేడా తెలుస్తుంది. అనంతగిరి ఘాట్‌లో మలుపు తిప్పేటప్పుడు ఇంకా తెలుస్తుంది. ఇన్ని తేడాలుంటే "డీలర్‌ని బట్టి కొను" అంటారేంటి? పెళ్లిచూపుల్లో పిల్లని వదిలేసి పురోహితుణ్ణి చూసొచ్చినట్టుంది.

స్కూటీ_నుంచి_స్పోర్ట్‌కి

రాజా గారూ, అంకెలు బాగానే ఉన్నాయి కానీ మీ లిస్టులో సీటు ఎత్తు లేదు. మీరు ఆరడుగులేమో.

నేను అయిదడుగుల రెండంగుళాలు. జిక్సర్ 250 సీటు 800 మిల్లీమీటర్లు, ఆర్15ది 815, ఆర్‌సీ ఇంకా ఎత్తు. కాగితం మీద పదిహేను మిల్లీమీటర్లు ఏపాటి అనిపిస్తుంది. ఎక్కి కూర్చుంటే అసలు విషయం సీటు ముందు భాగం ఎంత సన్నగా ఉందన్నదే. సన్నగా ఉంటే కాలు నిటారుగా దిగుతుంది, వెడల్పుగా ఉంటే ఎత్తు తక్కువైనా మునివేళ్ల మీదే నిలబడాలి. ఇది బ్రోచర్ చదివితే తెలియదు, యూట్యూబ్‌లో అసలే తెలియదు.

కాబట్టి నేను ఉప్పుగాలి గారి వైపే, కానీ నా కారణం వేరు. సరైన టెస్ట్ రైడ్ ఇచ్చే డీలర్ లేకపోతే సరైన మోడల్ ఏదో తేల్చుకునే దారే లేదు. ఒక షోరూమ్‌లో సేల్స్ అబ్బాయి నేను అడిగిన ప్రతి ప్రశ్నకీ మా తమ్ముడి వైపు తిరిగి జవాబు చెప్పాడు. వాడికి సైకిల్ తప్ప ఏదీ రాదు! ఇంకోచోట సర్వీసు రోడ్డు మీద అటూ ఇటూ ఒక రౌండు తిప్పించి "అయిపోయింది మేడమ్" అన్నారు. మూడోచోట మాత్రం హెల్మెట్ ఇచ్చి, సిరిపురం నుంచి బీచ్ రోడ్డుకి దిగి మళ్లీ ఎక్కి రమ్మన్నారు. ఆ ఎక్కుడులో బండి ఆపి, వెనక్కి జారకుండా మళ్లీ కదిలించగలిగాక నాకు మోడల్ సంగతి తేలిపోయింది. బుకింగ్ కూడా అక్కడే చేశాను.

లెక్కల_మాస్టారు

ఆ పదకొండు వేల సంగతి ఎవరూ మాట్లాడట్లేదు.

ఒకే ఊళ్లో ఒకే మోడల్‌కి ఎక్స్-షోరూమ్ ధరా, లైఫ్ టాక్సూ షోరూమ్‌ని బట్టి మారవు. మారేది మిగతాది. ఇన్సూరెన్స్, యాక్సెసరీస్, ఎక్స్‌టెండెడ్ వారంటీ, ఏదో కోటింగు, 'హ్యాండ్లింగ్'. రెండు కొటేషన్లూ పక్కపక్కన పెట్టుకుని ఒక్కో వరుసకీ అడుగు బాబూ. హ్యాండ్లింగ్ అంటే దేనికో చెప్పమను, రసీదులో విడిగా రాయమను. చాలాసార్లు అక్కడే అది మాయమైపోతుంది.

ఇన్సూరెన్స్ డీలర్ చెప్పిన కంపెనీ దగ్గరే తీసుకోవాలని ఎక్కడా లేదు. 2018 సెప్టెంబర్ నుంచి కొత్త టూ వీలర్‌కి అయిదేళ్ల థర్డ్ పార్టీ తప్పనిసరి, సొంత డ్యామేజీ కవర్ సాధారణంగా ఏడాదికి ఇస్తారు. బయట కొటేషన్ తీసుకెళ్లి చూపించు, తగ్గిస్తే సరే. హెల్మెట్‌కి డబ్బు వేస్తే కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 138వ నిబంధన గుర్తు చెయ్యి. కొనేటప్పుడు బండితో పాటు బీఐఎస్ ప్రమాణాల హెల్మెట్ ఇవ్వాలని అందులో ఉంది.

లోన్ తీసుకుంటున్నావా? "తొమ్మిది శాతమే సార్" అంటే ఫ్లాటా (మొదట తీసుకున్న మొత్తం మీదే చివరిదాకా వడ్డీ), రెడ్యూసింగా (తీర్చగా మిగిలినదాని మీదే వడ్డీ) అని అడుగు. లక్ష రూపాయలకి మూడేళ్లకి ఫ్లాట్ తొమ్మిది అంటే 27,000 వడ్డీ, ఈఎంఐ సుమారు 3,528. రెడ్యూసింగ్‌లో చూస్తే అది 16 శాతం పైమాటే. నీ పదకొండు వేల తేడా ఇక్కడే పుట్టొచ్చు, ఇక్కడే పోనూ పోవచ్చు.

ఇంకో సంగతి. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ దాకా బండ్లకి జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, ఆ పైవాటికి 40 అయింది. అంతకుముందు కొన్న స్నేహితుల రేట్లతో పోల్చి చూసుకోకు.

కంచరపాలెం_మెకానిక్

ఏటి బాబూ, ఒకలు డీలరంటారు, ఒకలు మోడలంటారు. స్పేర్ల కౌంటర్ సంగతి ఒక్కలూ సెప్పరేటి?

ఫెయిరింగ్ బండి అన్నాక ఎప్పుడో ఒకప్పుడు పడతాది. స్పీడులో అక్కర్లేదు, సైడ్ స్టాండ్ సరిగ్గా దిగక ఇంటి ముందే పక్కకి ఒరిగిపోతాది. మామూలు బండైతే లివరు, ఇండికేటరు మార్చి పంపేస్తాను. దీనికి ప్యానెల్ పగులుద్ది, లోపల క్లిప్పులు ఇరుగుతాయి. ఆ ప్యానెల్ ఊళ్లో ఉంటే సాయంత్రానికి బండి రెడీ. లేదంటే ఆర్డరు పెట్టి కూకోవాలి. ఆ రంగు ఆగిపోయిందనుకో, మరి అంతే.

అందుకని సేల్స్ దగ్గరికి ఎల్లకముందే స్పేర్స్ కౌంటర్‌కి ఎల్లు. కుడి పక్క ఫెయిరింగ్ ప్యానెల్, క్లచ్ లివరు, ముందు బ్రేక్ ప్యాడ్లు, చైన్ స్ప్రాకెట్ కిట్. ఈ నాలుగిటికీ రేటెంత, ఇప్పుడు స్టాక్ ఉందా, లేదంటే ఎన్నాళ్లకి తెప్పిస్తారు. అంతే అడుగు.

మోడల్ గురించి నాదొక మాట. జిక్సర్ ఆయిల్ కూల్డు, మిగతా రెండూ లిక్విడ్ కూల్డు, అంటే కూలెంట్ తిరిగి రేడియేటర్‌తో ఇంజన్ని సల్లబరుస్తాది. లిక్విడ్ కూల్డు గొప్పదే, కాదన్ను. అయితే పోర్టు వైపు తిరిగే బండ్ల రేడియేటర్ రెక్కల్లో బొగ్గు దుమ్ము, ఉప్పు కలిసి గట్టిగా పేరుకుపోతాది. ప్రెజర్ వాటర్ దగ్గర పెట్టి కొడితే రెక్కలు వంగిపోతాయి, మెల్లగా మామూలు నీళ్లతో కడగాలి. కూలెంట్ తగ్గిందని కుళాయి నీళ్లు పోసేవోళ్లని సూస్తే నాకు ఒళ్లు మండుద్ది. చైన్‌కి కిరసనాయిలు, మెత్తటి బ్రష్షు, ఆరాక లూబ్. పెట్రోలు పొయ్యకండి, చైన్ లోపలి రబ్బరు ఓ-రింగులు పాడైపోతాయి.

ఆర్‌పీఎం_రాజా

మెకానిక్ అన్నా, దండం. ఆ నాలుగు ప్రశ్నలూ నేనూ రాసుకున్నాను.

కానీ అసలు పాయింటు ఎవరూ ఒప్పుకోవట్లేదు. కొన్నచోటే సర్వీసు చేయించాలని రూలేం లేదు. వారంటీ ఇచ్చేది కంపెనీ, షోరూమ్ కాదు. అదే కంపెనీ అధీకృత సెంటర్ ఎక్కడున్నా చేస్తుంది. ఊరికి అటు చివర పదకొండు వేలు తక్కువకి కొని, గాజువాకలో సర్వీసు చేయించుకుంటే ఎవరు కాదంటారు?

ఉప్పుగాలి

కాగితం మీద ఎవరూ కాదనరు. సర్వీసు బేలో కాదంటారు. నా బండికి ఫోర్క్ సీల్ (ముందు షాకబ్జార్బర్ ఆయిల్ కారకుండా ఆపేది) దగ్గర ఆయిల్ తడి కనిపిస్తే వారంటీలో మార్చమని అడిగాను. "ఎక్కడ తీసుకున్నారు సార్?" అన్నది మొదటి ప్రశ్న. చివరికి మార్చారు, కానీ రోడ్డు మీది ఇసుక వల్ల వచ్చింది కాదని నేను వాదించాల్సి వచ్చింది. అమ్మినవాడికి నా మొహం గుర్తుంటుంది, పక్క షోరూమ్‌కి నేనొక జాబ్ కార్డునే.

ఆర్‌పీఎం_రాజా

చివరికి మార్చారుగా!

ఉప్పుగాలి

రెండు వారాలు షేర్ ఆటోలో తిరిగాక.

స్కూటీ_నుంచి_స్పోర్ట్‌కి

కుర్రాడు గారూ, ఇంకొకటి. వెనక ఎవరైనా కూర్చుంటారా? ఈ బండ్ల వెనక సీటు చూశారా అసలు? ఆర్15లో వెనక కూర్చున్నవాళ్లు మీకంటే చాలా ఎత్తులో ఉంటారు, పట్టుకోవడానికి పెద్దగా ఏమీ దొరకదు. చీర కట్టుకున్నవాళ్లకైతే మరీ కష్టం.

కూర్మన్నపాలెం_కుర్రాడు

అందరికీ పేరుపేరునా థ్యాంక్స్. ఈ రెండు వారాంతాలూ ఇదే పని.

మెకానిక్ అన్న చెప్పినట్టు మూడు షోరూమ్‌ల్లోనూ ముందు స్పేర్స్ కౌంటర్‌కే వెళ్లాను. ఒకచోట కంప్యూటర్‌లో చూసి నాలుగిటి రేట్లూ చెప్పారు, ప్యానెల్ మాత్రం స్టాక్ లేదు, వారం పడుతుందన్నారు. ఇంకోచోట "ముందు బండి కొనండి సార్, పడ్డప్పుడు చూద్దాం" అని నవ్వారు. మూడోచోట కౌంటర్‌లో మనిషే లేడు.

మాస్టారూ, మీరన్నట్టే జరిగింది. ఎక్కువ చెప్పినవాడి కొటేషన్‌లో యాక్సెసరీస్ ప్యాక్, కోటింగ్, హ్యాండ్లింగ్ ఉన్నాయి. మూడూ తీయించి, బయట తీసుకున్న ఇన్సూరెన్స్ కొటేషన్ చూపిస్తే తేడా రెండు వేల చిల్లరకి వచ్చింది. అంత దూరం వెళ్లే అవసరం ఇక లేదు.

మోడల్ దగ్గర మాత్రం రాజా అన్నే గెలిచాడు. ఆర్15 ఎక్కగానే మనసు లాగేసింది, నిజం. కానీ సాయంత్రం గాజువాక జంక్షన్ ట్రాఫిక్‌లో టెస్ట్ రైడ్ అడిగితే ఇచ్చారు, అక్కడ మణికట్ల మీద బరువు తెలిసిపోయింది. జిక్సర్‌లో నడుం కాస్త నిటారుగా ఉంది, గేర్లు మార్చే పనీ తక్కువ. అక్క అడిగిన వెనక సీటు సంగతి, అమ్మని షోరూమ్‌కి తీసుకెళ్లి రెండిటి మీదా కూర్చోబెట్టాను. ఆర్15 మీద నుంచి దిగి "దీని మీద నేను సింహాచలం కొండ ఎక్కను" అంది. జిక్సర్ మీద కూర్చుని ఏమీ అనలేదు. దాన్నే సరే అనుకున్నాను.

బుకింగ్ ఇంకా చేయలేదు. కేటాయించిన బండిని యార్డులో చూపిస్తామన్నారు, శనివారం టార్చిలైటు పట్టుకుని వెళ్తున్నాను. ఉప్పుగాలి అన్నా, ఖాళీ ఉంటే వస్తావా? ఆ బోల్టులు ఎక్కడున్నాయో చూపిద్దువుగాని.

ఉప్పుగాలి

వస్తాను. పదిన్నర లోపు వెళ్దాం, ఎండెక్కితే యార్డులో నిలబడలేం. వాళ్లు కడిగి పెట్టకముందే చూడాలి, ముందురోజు ఫోన్ చేసి చెప్పకు.

ఆర్‌పీఎం_రాజా

టెస్ట్ రైడ్ ఇచ్చిన బండి కాకుండా వేరే బండి ఇస్తున్నారో లేదో ఓడోమీటర్ కూడా చూడండి. నేనూ వద్దునేమో, ఏ యార్డో మెసేజ్ పెట్టు.