మానవాభివృద్ధి సూచీ లెక్క 0.34 వస్తోంది, తప్పెక్కడ?

ప్రశ్న:
జీడీపీతో పోల్చి చూసుకోవడానికి ఒక ఊహా దేశానికి మానవాభివృద్ధి సూచీ (ఆయుర్దాయం, చదువు, ఆదాయం కలిపి దేశ ప్రగతిని 0–1 మధ్య చూపే అంకె) లెక్క కడుతున్నాను. ఆయుర్దాయం 70 ఏళ్లు, పిల్లలు చదువుతారని అంచనా వేసిన కాలం 12 ఏళ్లు, పెద్దల సగటు చదువు 6 ఏళ్లు, తలసరి ఆదాయం 7,500 డాలర్లు. ఒక్కో అంశాన్ని దాని కనిష్ఠ, గరిష్ఠ హద్దుల మధ్య 0–1కి మార్చిన మూడు ఉపసూచీల లబ్ధానికి ఘనమూలం తీస్తే 0.34 వస్తోంది. మరీ ఇంత తక్కువా? ఇంకో సంగతి, ప్రజల సంతృప్తి స్కోరును నాలుగో అంశంగా కలిపేయొచ్చా?

జవాబు 1:
ఆదాయానికి లాగ్ (సంవర్గమానం) తీయడం మరిచారు. (7,500−100)ని (75,000−100)తో భాగిస్తే 0.099, మొత్తాన్ని కిందికి లాగింది అదే. లాగ్ 75ని (7,500/100) లాగ్ 750తో (75,000/100) భాగించండి, 0.652 వస్తుంది. లాగ్ ఏ ఆధారానికి తీసినా ఫర్వాలేదు, పైనా కిందా ఒకటే ఉంటే చాలు.

మిగతావి: ఆయుర్దాయం (70−20)/(85−20) = 0.769. చదువులో 12/18, 6/15 ఈ రెండింటికీ మామూలు సగటు, 0.533. మూడూ గుణించి ఘనమూలం తీస్తే 0.644.

ఆ 7,500 ఎక్కడిదో కూడా చూసుకోండి. అక్కడ ఉండాల్సింది జీడీపీ కాదు, పీపీపీ డాలర్లలో (దేశాల మధ్య ధరల తేడాను సర్దిన డాలర్లు) తలసరి స్థూల జాతీయ ఆదాయం. మార్కెట్ మారకం రేటుతో మార్చిన అంకె వేస్తే పేద దేశాలు ఉన్నదానికంటే పేదగా కనిపిస్తాయి.

2010కి ముందు ఈ మూడింటికీ మామూలు సగటే తీసేవారు. మీ ఈ మూడు ఉపసూచీలకే అలా సగటు తీస్తే 0.652 వస్తుంది, పెద్ద తేడా లేదు. అదే 0.9, 0.9, 0.3 ఉంటే పాత పద్ధతిలో 0.70, ఇప్పుడు 0.62. ఒకచోట వెనకబాటును ఇంకోచోట మిగులుతో కప్పిపెట్టనివ్వకపోవడమే ఈ మార్పు ఉద్దేశం.

జవాబు 2:
సంతృప్తి స్కోరు కలపకండి. అది 0 నుంచి 10 మెట్ల నిచ్చెన మీద జనం తమకు తాము వేసుకున్న మార్కు. కష్టానికి అలవాటుపడ్డవాళ్లు కూడా ఎక్కువ మార్కు వేసుకోవచ్చు, అప్పుడు ఆయుర్దాయంలోని లోటు ఆ మార్కు వెనక దాక్కుంటుంది. పక్క నిలువు వరుసలో విడిగా ఉంచండి.

సంతృప్తి స్కోర్లతో దేశాలకిచ్చే ర్యాంకుల్ని కూడా మరీ నమ్మొద్దు. 1,000 మందిని అడిగి, ప్రామాణిక విచలనం (మార్కులు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే అంకె) 2 ఉందనుకుంటే, 95 శాతం నమ్మకంతో పొరపాటు హద్దు సుమారు ±0.12. సగటులు 0.05 తేడాతో ఉన్న రెండు దేశాల్లో ఏది ముందో ఆ సర్వే తేల్చలేదు. ప్రశ్నల వరుస ఇంకో చిక్కు: రాజకీయాల గురించి ముందు అడిగి తర్వాత జీవితం గురించి అడిగితే మార్కు పడిపోతుంది. అందుకే నిచ్చెన ప్రశ్నను మొదట్లోనే అడగాలి.

భూటాన్ సంతృప్తిని కూడా లెక్కలోకి తీసుకుంటుంది కదా అనొచ్చు. కానీ అక్కడి 9 రంగాల, 33 సూచికల లెక్క సగటు కాదు. ఒక్కో సూచికకు ‘ఇంత ఉంటే చాలు’ అని గీత గీసి, ఒక్కో మనిషి ఎన్ని గీతలు దాటాడో చూస్తారు.

ప్రశ్న అడిగినవారు:
0.644 వచ్చింది, థాంక్స్. దీన్ని అసమానతకు సర్దాలంటే?

జవాబు 1:
ఒక్కో ఉపసూచీని (1−అ)తో గుణించాలి. అ అంటే 1 − గుణమధ్యమం/మామూలు సగటు (గుణమధ్యమం అంటే అన్ని అంకెలనూ గుణించి, ఎన్ని అంకెలుంటే అన్నో మూలం తీయడం). దీన్ని ఆయా అంశం జనంలో ఎలా పంపిణీ అయిందో చూసి కట్టాలి. సర్వేలో ఒక్కరి ఆదాయం సున్నా ఉన్నా గుణమధ్యమం సున్నా అయిపోతుంది. అందుకని సున్నా, రుణాత్మక ఆదాయాల స్థానంలోనూ, అడుగు 0.5 శాతం ఆదాయాల స్థానంలోనూ ధనాత్మక ఆదాయాల్లో ఆ తర్వాతి 0.5 శాతంలోని కనిష్ఠ విలువ పెడతారు, పై 0.5 శాతాన్ని కత్తిరిస్తారు. బడికే వెళ్లనివాళ్ల వల్ల చదువులోనూ ఇదే ఇబ్బంది, అక్కడ అందరికీ 1 ఏడాది కలుపుతారు. ఆదాయపు ‘అ’ను మాత్రం లాగ్ తీయని అంకెల మీదే కట్టండి.