ఎంబ్రాయిడరీ మిషన్‌లో ఫెల్టింగ్ సూది వాడవచ్చా?

నూలుపోగు (ప్రశ్న):
ఇంట్లో వాడే ఎంబ్రాయిడరీ మిషన్ నుంచి దారం, బాబిన్ తీసేసి, మొన వైపు సన్నని గాట్లున్న ఫెల్టింగ్ సూదిని (ఊలు పోగులను పొడిచి బట్టలోకి చిక్కుపరిచే సూదిని) అమర్చి, ఫ్రేములో బిగించిన బట్ట మీద వడకని ఊలు పరచి డిజైన్లు దింపే పద్ధతి ఒకటి ఉంది. ఇది మిషన్‌ను పాడుచేస్తుందని కొందరు, ఫెల్టింగ్‌కు వేరే మిషన్లు ఉండగా దీనితో పనేమిటని మరికొందరు అంటున్నారు. తెలిసినవారు కారణాలతో సహా చెప్పగోరుతున్నాను.

మరమ్మతుబల్ల:
వద్దనే నా సలహా. మిషన్ అడుగున తిరిగే హుక్, సూది పైకి లేవడం మొదలుపెట్టగానే ఏర్పడే దారపు ఉచ్చును అందుకునేలా వెంట్రుకవాసి లెక్కతో అమర్చి ఉంటుంది. ఫెల్టింగ్ సూది ప్రతి పోటుకూ ఊలును కిందికి తోస్తుంది కాబట్టి ఆ నూగంతా హుక్ చుట్టూ చేరి, నూనెతో కలిసి ముద్దకడుతుంది. బాబిన్ కేస్ తీయకుండా పని మొదలుపెడితే సూదిమొన దాని అంచును గీకే ప్రమాదం ఉంది. అలా గాటు పడిన కేస్ ఆ తరువాత మామూలు కుట్టులోనూ దారాన్ని తెంపుతూనే ఉంటుంది. పైగా విడిగా దొరికే ఫెల్టింగ్ మిషన్లలో అయిదు, ఏడు, పన్నెండు సూదుల వరకు ఒకేసారి దిగుతాయి. ఇక్కడ ఉన్నది ఒక్క సూది. ఊలు బట్టలోకి దిగేసరికి ఎంత సేపు పడుతుందో మీరే ఊహించుకోండి.

రంగులవల:
ఊహించుకోనక్కర లేదు, లెక్క వేయవచ్చు. అయిదు సెంటీమీటర్ల చదరంలో చదరపు మిల్లీమీటరుకు ఒక పోటు చొప్పున 2,500 పోట్లు అవుతాయి. నిమిషానికి 600 పోట్ల వేగంతో నడిపితే ఒక దఫాకు నాలుగు నిమిషాల పైచిలుకు పడుతుంది. ఊలు గట్టిగా పట్టుకోవడానికి ఒకటికి మించి దఫాలు కావాలి. కాబట్టి పెద్ద పెద్ద ఖాళీలు నింపడానికి ఈ పద్ధతి పనికిరాదని నేనూ ఒప్పుకుంటాను. అయితే విడి ఫెల్టింగ్ మిషన్‌లో బట్టను చేత్తో తిప్పాలి; ఒక ఆకు అంచును ఎనిమిది చోట్ల ఒకే తీరుగా తిప్పడం ఎంత చేయి తిరిగినవారికైనా కష్టమే. ఫ్రేము మాత్రం ఎన్నిసార్లయినా అదే గీత మీద నడుస్తుంది. నా దృష్టిలో ఈ పద్ధతికి ఉన్న అసలు విలువ ఇదే.

చాలామందికి ఇది కుదరకపోవడానికి కారణం మిషన్ కన్నా ఎక్కువగా డిజైన్ ఫైలు, అంటే సూది ఎక్కడెక్కడ దిగాలో మిషన్‌కు చెప్పే కంప్యూటర్ ఫైలు. దారపు కుట్టు కోసం చేసిన ఫైలును అలాగే నడిపితే, శాటిన్ కుట్టు (పక్కపక్కనే ఒత్తుగా పడే అడ్డకుట్టు) అంచున సూది పదేపదే దాదాపు ఒకే చోట దిగి బట్టను కోసేస్తుంది. మొదట్లోనూ చివరా దారాన్ని ముడివేయడానికి ఉద్దేశించిన చిన్న కుట్లు కన్నం చేస్తాయి. ఫెల్టింగ్ ఫైలులో ఈ ముడులు, అడుగు కుట్లు (పై కుట్టుకు ఆధారంగా ముందు వేసేవి), దారం కత్తిరించే ఆదేశాలు ఉండకూడదు. దూరదూరంగా నడిచే సాదా కుట్టు ఒక దఫా నిలువుగా, మరో దఫా ఏటవాలుగా సాగాలి. పై దారం లేదని మిషన్ ఆగిపోకుండా దారపు సెన్సార్‌ను కూడా ఆపివేయాలి. ఆ సదుపాయం లేని మిషన్‌లో ఈ ప్రయత్నమే అనవసరం.

బట్ట సాగకుండా, ముడతలు పడకుండా అడుగున వేసే స్టెబిలైజర్ సంగతి ఎవరూ పెద్దగా చెప్పరు. చింపి తీసే రకం వాడితే, సూది తోసిన ఊలు దానిలోకి కూడా దిగి చిక్కుకుంటుంది. పని అయ్యాక దాన్ని చింపినప్పుడు, అంతసేపు కష్టపడి దించిన పోగులు కొన్ని దానితోపాటే ఊడి వస్తాయి. జిగురున్న రకమైతే సూది గాట్లు బంకతో పూడిపోయి పోగులను పట్టుకోవడమే మానేస్తాయి. దళసరి ఊలు బట్టనే నేరుగా ఫ్రేములో బిగించడం మేలు. ఇంకొక మాట: సూది ఎప్పుడూ పై నుంచి కిందికే తోస్తుంది కాబట్టి, బట్ట వెనుక వైపు అదే బొమ్మ మెత్తగా, అంచులు కరిగినట్లు తేలుతుంది. నాకు ఆ వైపే నచ్చుతుంది. దాన్నే ముఖంగా ఉంచాలంటే డిజైన్‌ను ముందే అద్దంలో బింబంలా తిప్పి పెట్టుకోవాలి.

నూలుపోగు:
ఊలు పోగు మీద పొలుసులు ఉంటాయి గనుకే ఫెల్ట్ అవుతుందని, కృత్రిమ దారాలతో ఇది కుదరదని చదివాను. అది నిజమేనా? ఉతికితే బొమ్మ నిలుస్తుందా?

రంగులవల:
పొలుసులు తప్పనిసరి అయ్యేది వేడినీళ్లు, సబ్బు, రాపిడితో చేసే తడి ఫెల్టింగ్‌లో. సూది పద్ధతిలో పోగులను చిక్కుపరిచేది సూది గాట్లే. రోడ్ల అడుగున పరిచే పాలీప్రొపిలీన్ బట్టలను కూడా కర్మాగారాల్లో వేలాది సూదులతో ఇలాగే తయారుచేస్తారు. ఊలు తొందరగా, అందంగా కుదురుతుందన్నది వేరే విషయం. ఉతుకుడు సంగతికి వస్తే, గోడకు తగిలించే వాటికి, సంచుల మీది బొమ్మలకు సూది పట్టు చాలు. తరచూ ఉతికే దుస్తులకు మాత్రం, ఫెల్టింగ్ అయ్యాక బట్టను ఫ్రేము నుంచి విప్పకుండా సూది మార్చి, దారం, బాబిన్ మళ్లీ పెట్టి, అంచు వెంట ఒక వరుస కుట్టు వేయండి. ఉతకడం చన్నీళ్లలోనే.

మరమ్మతుబల్ల:
ఫైలు గురించి చెప్పినదానితో నాకు పేచీ లేదు. అయినా నా షరతులు నావి: మీ మిషన్ మోడల్‌కు తయారీదారే ఫెల్టింగ్ కిట్ ఇస్తుంటేనే ఈ పనికి దిగండి. చేత్తో చేసే ఫెల్టింగ్ సూదిని ఎట్టి పరిస్థితిలోనూ బిగించవద్దు. దాని కాడ, పొడవు మిషన్ కొలతకు సరిపోవు. దారపు కుట్టుకు మారే ముందు ప్రతిసారీ నీడిల్ ప్లేట్ (సూది దిగే రంధ్రం ఉన్న పలక) విప్పి, నూగును కుంచెతోనో చిన్న వాక్యూమ్‌తోనో లాగేయండి. గాలి ఊదితే నూగు ఇంకా లోపలికి పోతుంది.