లీడర్‌షిప్ స్కాలర్‌షిప్ వ్యాసం ఎట్ల మొదలుపెట్టాలె?

నల్లగొండ డిగ్రీ సెకండియర్:
పొద్దటి సంది కూసున్న, నాలుగుసార్లు కొట్టేసిన. "నాయకుడంటే ముందుండి నడిపించేవాడు" అని మొదలుపెడితే రెండో పేరాకే ఆగిపోతుంది. అబ్దుల్ కలాం గురించి రాసిన, అదీ నచ్చలే. రేపు రాత్రికి ఆఖరు. ఎవరన్నా నమూనా వ్యాసం పెట్టుండ్రి ప్లీజ్.

దేవరకొండ అన్న:
ప్రశ్న ఏంది? ఎన్ని పదాలు? ఏ భాషల?

పాలమూరు రిటైర్డ్ సారు:
నమూనా అడగకు బిడ్డా. పేపర్లు దిద్దినన్నేండ్లు చూసిన, అందరూ కలాం గారితోనే మొదలుపెడ్తరు. రాసిన పిల్ల ఎవరో చివరిదాకా తెలువదు. ముందు నాయకత్వం అంటే ఏందో తేల్చుకో. పదవి వేరు, నాయకత్వం వేరు.

నల్లగొండ డిగ్రీ సెకండియర్:
సారీ అన్నా, చెప్పుడు మర్చిపోయిన. "మీ చుట్టుపక్కల మీరు తెచ్చిన ఒక మార్పు", 500 పదాలు, ఇంగ్లీషుల. నేను క్లాస్ లీడర్‌ను గూడ కాదు. మర్రిగూడ దిక్కు 7 రోజుల ఎన్‌ఎస్‌ఎస్ సేవా క్యాంపుకు పోయి, నీళ్లల్ల ఉండి ఎముకలను పాడుచేసే ఫ్లోరైడ్ మీద అవగాహన కల్పించినం, అంతే.

చండూరు అక్క:
ఏమని చెప్పిండ్రు? కాచి తాగమన్నరా? కాచితే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడతది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగొద్దు. పటిక, సున్నం కలిపి తేర్చే పద్ధతికి మన నల్లగొండ పేరే ఉన్నది, అది గూడ ఎవరూ చెప్పరు.

దేవరకొండ అన్న:
అక్కా, వ్యాసం సంగతి చూద్దాం. చెల్లె, ఆ 7 రోజులల్ల నువ్వొక్కదానివి చేసింది ఏంది?

నల్లగొండ డిగ్రీ సెకండియర్:
ఆ నీళ్లు తాగొద్దని గుర్తుకు ఒక బోరింగుకు ఎర్ర రంగు వేసినం. ఒక అవ్వ వచ్చి "ఇన్నేండ్లు తాగిన నీళ్లు, ఇయ్యాల విషమైనయా?" అని కొట్లాడింది. అందరం వెళ్లిపోయినం. పొద్దుమీకి నేను మళ్ల పోయి ఆమె పక్కన కూసున్న. మోకాళ్లు చాపలేకపోతుంది. వాళ్ల గల్లీకి నల్లా రాదని అప్పుడే తెలిసింది. బడి నల్లా దగ్గర గల్లీవాళ్లు గూడ పట్టుకునేటట్టు హెడ్మాస్టర్ సారును ఒప్పించిన. రెండుసార్లు కాదన్నరు.

పాలమూరు రిటైర్డ్ సారు:
మంచి పని బిడ్డా. కానీ ఇది సేవ, నాయకత్వం కాదు. ఎన్‌ఎస్‌ఎస్ అంటేనే జాతీయ సేవా పథకం, 1969ల గాంధీ శతజయంతి ఏడాది పెట్టింది.

దేవరకొండ అన్న:
కాదన్న మనిషిని ఒప్పించింది సారూ, నాయకత్వం అంటే ఇంకేంది? చెల్లె, అవ్వ మాటతోనే మొదలుపెట్టు. అడగకుండ రంగు వేసిన తప్పు దాచకు. ఫ్లోరైడ్ చరిత్రకు రెండు వాక్యాలు చాలు. "చేసినం" అన్న ప్రతిచోట ఎవరు చేసిన్రో చూసుకో, నువ్వు చేసింది "నేను" అనే రాయి. ముందు ఇక్కడ రాసినట్టే తెలుగుల రాసుకొని ఇంగ్లీషులకు మార్చు.

పాలమూరు రిటైర్డ్ సారు:
"నేను, నేను" అని రాస్తే గొప్పలు చెప్పుకున్నట్టు ఉంటది.

దేవరకొండ అన్న:
అడిగిందే ఆమె గురించి సారూ.

చండూరు అక్క:
ఆ బోరింగు నీళ్లు పరీక్ష చేయించిన్రా? ఎంత వచ్చింది?

నల్లగొండ డిగ్రీ సెకండియర్:
థాంక్స్ అన్నా. అవ్వ మాటతో రెండు పేరాలు అయినయి. కరెంటు పోయింది, పొద్దున చూస్త.

చండూరు అక్క:
పరీక్ష సంగతి చెప్పలే.