ఒకే గది, ఒకే అయ్యవారు: ఆ బడి ఉండాలా, కలిపేయాలా?

కనిగిరి మెట్ట:
మా ఊరి బడిలో ఈ ఏడు తొమ్మిది మందే మిగిలారు. పక్కూరి బడిలో కలిపేస్తే పీడా పోతుందని మా తమ్ముడి వాదన. నేను ఒప్పుకోను.

నన్ను బడిలో వేసిన రోజు అయ్యవారు నా కుడిచేతిని తల మీదుగా తిప్పి ఎడమ చెవి పట్టుకోమన్నారు. అందలేదు. "ఇంకో ఏడాది ఆగాలి" అన్నారాయన. మా నాయన వదల్లేదు. "ఇంటి కాడుంటే గొర్రెల ఎనక పోతాడు అయివోరా, మీ కాడే పడుంటాడు" అన్నాడు. అయ్యవారు నా తల కాస్త వంచి, చెయ్యి లాగి, "ఆ, తగిలిందిలే" అని రాసేసుకున్నారు. పుట్టినరోజు జూన్ 1. మా తరగతిలో ఆరుగురం ఆ రోజే పుట్టాం మరి!

పలక తుడవడానికి దొండాకు. ఐదు తరగతులూ ఒకే గదిలో. నాలుగో తరగతి వాళ్లు ఎక్కాలు అరుస్తుంటే వినీ వినీ, పదమూడో ఎక్కం నాకు ఒకటో తరగతిలోనే వచ్చేసింది. పెద్ద బడిలో ఇది కుదురుతుందా?

పెన్నా ఒడ్డు:
అన్నా, మీకొచ్చింది సరే, రానివాళ్ల సంగతి? ఆత్మకూరు వైపు అలాంటి బడిలోనే నేను ఒక్కణ్నే టీచర్‌గా చేశాను. ఒకటి, రెండు తరగతులకు మూడేసి సబ్జెక్టులు, మిగతా మూడింటికి నాలుగేసి. మొత్తం పద్దెనిమిది, నేనొక్కణ్ని. మధ్యలో హాజరు ఫోటోలు, గుడ్ల లెక్క, భోజనం లెక్క. నాకు జ్వరమొస్తే బడికి తాళం. అరవై మంది లోపు పిల్లలున్నా ఇద్దరు టీచర్లుండాలని 2009 విద్యాహక్కు చట్టం చెబుతుంది. ఆ రెండో మనిషి నాకెప్పుడూ కనపడలేదు.

ఒంగోలు అక్క:
టీచర్ గారూ, మీ కష్టం నిజమే. కానీ దూరం ఆడపిల్లలకే ముందు తగులుతుంది. మా ఊళ్లో ఐదో తరగతి దాకా ఆరుగురు ఆడపిల్లలం. హైస్కూలు నాలుగు కిలోమీటర్లు, దానికి వెళ్లింది ఇద్దరమే. మిగతావాళ్లు పొగాకు ఆరబెట్టే బ్యారన్ల దగ్గర ఆకును కర్రలకు కట్టే పనిలో కుదిరిపోయారు.

2022లో 117 జీవో వచ్చి 3, 4, 5 తరగతుల్ని హైస్కూళ్లలో కలిపినప్పుడు మా చెల్లెలి కూతురు మూడో తరగతికే హైవే దాటాల్సి వచ్చింది. రోజూ టెన్షనే. 2025లో ఆ జీవో రద్దయింది, కానీ అప్పటికే పాపని ప్రైవేటు బడిలో వేసేశారు.

దక్షిణపు వీధి:
దొండాకు బాగుంది కనిగిరి అన్నా. ఆ పాదు ఎవరి దొడ్లోదో గుర్తుందా? మా బడిలో మమ్మల్ని తెంపనిచ్చేవాళ్లు కాదు. ఎవరైనా తెంపి విసిరితే ఏరుకోవాలి. దాహమేస్తే కుండ ముట్టుకోకూడదు. ఇంకో పిల్లాడు పైనుంచి పోస్తే దోసిలి పట్టాలి. వాడు ఆడుకోవడానికి పోతే గంట కొట్టేదాకా దాహమే. చిన్న బడిలో అందరికీ అందరి ఇళ్లూ తెలుసు అని మురిసిపోతారు చూడండి, మాకు అదే శాపం. ఆరో తరగతికి టౌన్ హాస్టల్‌కి పోయాక, మొదటిరోజు కొళాయి తిప్పుకొని కడుపు నిండా తాగాను. ఎవరూ ఏమీ అనలేదు. నన్నడిగితే కలిపేయమంటాను.

కనిగిరి మెట్ట:
ఆ కుండ మా బడిలోనూ ఉండేది తమ్ముడూ. పోసేవాళ్లలో నేనూ ఉన్నాను. పైన రాసేటప్పుడు అది గుర్తే రాలేదు, ఇప్పుడు సిగ్గేస్తోంది. అయినా మూయడానికి మనసొప్పడం లేదు. రెండో టీచర్ని ఇవ్వమని అడగాలి గానీ.

పెన్నా ఒడ్డు:
తొమ్మిది మందికి రెండో టీచరా! ఉన్న ఒక్కరినీ డిప్యుటేషన్ మీద ఇంకో బడికి పంపకపోతే చాలన్నా.

దక్షిణపు వీధి:
ఒకటి అడుగుతాను, ఏమనుకోకండి. ఆ తొమ్మిది మందిలో మా వీధి లాంటి వీధి పిల్లలు ఎంతమంది?

కనిగిరి మెట్ట:
ఏడుగురు. మావాళ్ల పిల్లలంతా పొద్దున్నే పసుప్పచ్చ బస్సెక్కి కనిగిరి పోతున్నారు. మా తమ్ముడి కొడుకు కూడా.

దక్షిణపు వీధి:
అలాగైతే నా మాట కాస్త ఆపుకుంటాను. ఆ ఏడుగురి అమ్మానాన్నల్ని అడిగారా?

కనిగిరి మెట్ట:
లేదు. ఆదివారం ఊరికి వెళ్తున్నాను, అడిగి రాస్తాను.