అప్‌డేట్: బీమ్ అడుగున కడ్డీ వెంబడే వచ్చిన పగులు, కారణం దొరికింది

బీమ్ అడుగున, ఇనుప కడ్డీ ఎటు వెళ్తే అటే సూటిగా పగులు వచ్చిందని, ఇది తుప్పేనా అని మూడు నెలల కిందట అడిగాను. ఓపిగ్గా జవాబులిచ్చిన అందరికీ థాంక్స్. "ల్యాప్ (రెండు కడ్డీల కొసలు పక్కపక్కన కలిపి కట్టే చోటు) ఎక్కడుందో చూడండి" అన్నవారి మాటే నిజమైంది.

స్ట్రక్చరల్ ఇంజినీరు కాంక్రీటు లోపలి కడ్డీలను పసిగట్టే కవర్ మీటర్‌తో కడ్డీలు గుర్తించి, పగులు దగ్గర కొంచెం చెక్కించారు. కడ్డీ మీద తుప్పు మచ్చ కూడా లేదు. క్షారం తగిలితే గులాబీ రంగుకు మారే ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లితే కాంక్రీటు కడ్డీ దాకా ముదురు గులాబీ రంగుకు తిరిగింది, అంటే కడ్డీని తుప్పు పట్టకుండా కాపాడే క్షారగుణం పోలేదు. ఇన్నాళ్లూ నేను టెన్షన్ పడింది తుప్పు గురించే!

అసలు తప్పు కడ్డీలు కట్టడంలో ఉంది. 16 మి.మీ. కడ్డీలన్నిటినీ ఒకేచోట, అదీ బీమ్ మధ్యలో ల్యాప్ చేశారు. డ్రాయింగులో ల్యాప్ 800 మి.మీ., వేసింది 400. కవర్, అంటే కడ్డీ మీద ఉండే కాంక్రీటు మందం, 25 మి.మీ. ఉండాల్సింది, 12 ఉంది. కడ్డీల చుట్టూ కట్టే రింగులు కూడా దూరం దూరంగా ఉన్నాయి. లోడు పడి కడ్డీ లాగినప్పుడు దాని మీది రిబ్బులు (ఉబ్బెత్తు గీతలు) కట్టెలో దిగిన మేకులా చుట్టూ ఉన్న కాంక్రీటును బయటికి నెడతాయి. ఆపడానికి కవర్, రింగులు చాలక కడ్డీ వెంబడే చీలింది.

ఎపాక్సీ ఇంజెక్షన్ (పగుల్లోకి జిగురు ఎక్కించడం) ఒక్కటే చాలదన్నారు ఇంజినీరు, అది పగులు పూడుస్తుంది గానీ ల్యాప్ పొడవు పెంచదు కదా. బీమ్ కింద ప్రాప్‌లు (తాత్కాలిక ఆసరా స్తంభాలు) పెట్టి, పాడైన కాంక్రీటు తీసి, అదనపు కడ్డీలు, దగ్గర దగ్గరగా రింగులు కట్టి మైక్రో కాంక్రీట్ (సన్న కంకరతో, రిపేర్లకు వాడే కాంక్రీటు) పోశారు. 28 రోజులకు ప్రాప్‌లు తీశారు. కొత్త పగులు లేదు.

అప్పట్లో వచ్చిన ప్లాస్టరింగ్, సిమెంటు బ్రాండు అనుమానాలకు ఈ పగులుతో సంబంధం లేదు.